యల్లాప్రగడ సుబ్బారావు: భాస్వరం లెక్క తేల్చిన మనిషి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. మన బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే నేను మన బడిలో చదవని ఒకాయన గురించి రాస్తున్నాను. వృత్తిరీత్యా నేను మెకానికల్ ఇంజనీరును. ముప్ఫై ఏళ్లుగా పంపులు, మోటార్లు, వాటి సామర్థ్యం లెక్కలే నా బతుకు. యల్లాప్రగడ సుబ్బారావు గారి పని నాకు అర్థమైంది కూడా ఆ దారినే.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూలులో చేరి మూడోసారి గట్టెక్కారు. తండ్రి పోయాక ఇల్లు గడవడమే కష్టమైన రోజుల్లోనూ తల్లి వెంకమ్మ గారు కొడుకు చదువు ఆగనివ్వలేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం అక్కడి సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. 1922 అక్టోబరు చివర్లో బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పూర్తిచేసి, జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

అక్కడ చేసిన మొదటి పెద్ద పని చూడటానికి చాలా చిన్నది. రక్తంలో, కండరంలో ఫాస్ఫేట్ ఎంత ఉందో కొలవడం. మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ దానితో జతకడుతుంది. మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని ఆ తర్వాత తరాల విద్యార్థులు ప్రయోగశాలల్లో నేర్చుకున్నారు.

కండరం రసంలో కొలిచినప్పుడు ఒక తేడా కనిపించింది. నీలిరంగు రావలసినంత వేగంగా రావడం లేదు, మెల్లమెల్లగా చిక్కబడుతోంది. అంటే అందులో ఏదో పదార్థం విరిగిపోతూ, ఫాస్ఫేటును కొంచెం కొంచెంగా వదులుతోందన్నమాట. ఇంకొకరైతే కొలతలో పొరపాటని తీసి పక్కన పెట్టేవారు. వీళ్లిద్దరూ దాని వెంట పడ్డారు. 1927లో ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. అప్పటిదాకా కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందని నమ్మేవారు. 1922 నోబెల్ బహుమతి కూడా ఆ దారిలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకే వచ్చింది. ఈ కొలత ఆ నమ్మకాన్ని కదిలించింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుంచి మరో ఫాస్ఫేట్ పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏటీపీ.

ఇంతకీ ఏటీపీ చేసే పనేమిటి? మన ఊళ్లలో ఆయిలింజనుతో నీళ్లు తోడటం మనమంతా చూసినవాళ్లమే. నీరు తనంతట తాను పైకి ఎక్కదు. ఇంజను పక్కనే ఎంత సేపు తిరిగినా లాభం లేదు, ఊరికే వేడెక్కుతుంది. ఇంజనుకూ పంపుకూ మధ్య బెల్టు పడితేనే నీరు పైకొస్తుంది. జీవకణంలోనూ అంతే. గ్లూకోజుకు ఫాస్ఫేట్ తగిలించడం కణం చేయాల్సిన మొదటి పని. దానికి ప్రామాణిక పరిస్థితుల్లో స్వేచ్ఛాశక్తి మార్పు మోలుకు +13.8 కిలోజౌళ్లు. కూడిక గుర్తు ఉందంటే అది ఎగువకు ఎక్కాల్సిన చర్య, తనంతట తాను సాగదు. ఏటీపీ నీటితో విరిగి ఒక ఫాస్ఫేటును వదిలితే వచ్చే మార్పు -30.5. అది పల్లానికి దిగే చర్య. రెండూ కలిస్తే -16.7. మొత్తం మీద తీసివేత గుర్తే మిగిలింది కనుక పని సాగుతుంది.

అయితే కాగితం మీద రెండు అంకెలు కూడితే సరిపోదు. ఏటీపీ ఒక పక్క విరిగి, గ్లూకోజు మరో పక్క ఉంటే, వచ్చేది వేడి మాత్రమే. హెక్సోకైనేజ్ అనే ఎంజైము ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి నేరుగా గ్లూకోజుకు అంటిస్తుంది. చేతులు మారే ఆ ఫాస్ఫేటే ఇక్కడ బెల్టు. ఫాస్ఫోక్రియాటిన్ లెక్క కూడా ఇలాంటిదే. అది విరిగితే -43.1, ఏడీపీని తిరిగి ఏటీపీగా మార్చడానికి +30.5, మిగిలేది -12.6. పరుగు మొదలుపెట్టిన తొలి క్షణాల్లో మన కండరాల్లో ఏటీపీ తరిగిపోకుండా కాపాడేది ఈ నిల్వే. నిజమైన కణంలో ఈ పదార్థాల పాళ్లు వేరు కనుక అంకెలు మారతాయి. ఏటీపీ విరిగితే అక్కడ సుమారు -50 కిలోజౌళ్ల దాకా వస్తుంది. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పుకోవాలి. ఏటీపీని సుబ్బారావు గారు ఒక్కరే కనిపెట్టారని మనవాళ్లు సభల్లో చెబుతుంటారు. ఫిస్కే పక్కనున్నారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కణానికి శక్తి నాణెంగా ఏటీపీ పాత్రను 1941లో వివరించినది ఫ్రిట్జ్ లిప్మన్. ఇవన్నీ చెప్పినా మనవాడి గొప్ప ఏమీ తగ్గదు. ఏ పదార్థం ఎంత ఉందో, పనిచేస్తే ఎంత తరుగుతుందో తెలియకుండా శక్తి లెక్క ఎవరూ మొదలుపెట్టలేరు. ఆ కొలబద్ద తయారుచేసిన ఇద్దరిలో ఆయన ఒకరు.

1930లో పిహెచ్.డి. వచ్చినా హార్వర్డులో స్థిరమైన పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అది మందుగా పనికొచ్చింది. బోదకాలుకు హెట్రాజాన్, లుకేమియా పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ వాడిన అమైనోప్టెరిన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ అక్కడి నుంచి వచ్చినవే. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే చనిపోయారు. ఓడ ఎక్కిన తర్వాత స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరి గారిని మళ్లీ చూడనేలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

చివరగా సంఘానికి ఒక మనవి. ఏటా మనం పదో తరగతిలో మొదటి మార్కులు తెచ్చుకున్నవారికి బహుమతులు ఇస్తున్నాం, మంచిదే. కానీ ఆ కొలబద్దతో చూస్తే 18 ఏళ్ల సుబ్బారావుకు మన వేదిక మీద చోటు దొరకదు. పరీక్ష తప్పి, మళ్లీ కట్టడానికి ఫీజు లేని పిల్లలు ప్రతి బ్యాచిలో ఉంటారు. స్వర్ణోత్సవ నిధిలో నాలుగో వంతు వాళ్ల ఫీజుకు, వాళ్లకు సాయంత్రం పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు కేటాయించాలని సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించబోతున్నాను. నా వంతు నేను ముందుగానే కడుతున్నాను. మిత్రులు, గురువులు ఈ తీర్మానాన్ని బలపరచాలని కోరుతున్నాను.