సూరి భగవంతము

విజయవాడకు అనతిదూరముననున్న ఆగిరిపల్లెలో 1909వ సంవత్సరమున సూరి భగవంతము జన్మించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడై, 1928లో కలకత్తాకు పోయి చంద్రశేఖర వేంకటరామన్‌కు శిష్యుడయ్యెను.

ఉప్పును, పటికను పొడిచేసి ప్రక్కప్రక్కన నుంచినచో రెండును తెల్లగానే కనబడును. ఏది యేదో రుచి చూచి చెప్పవచ్చును. కాని తెలియని పదార్థమును నోట నిడుట ప్రాణాపాయము. దాని లోపలి యమరికయే దానిని పట్టియిచ్చు గుర్తు. స్ఫటికములోని పరమాణువులు వరుస తప్పక నాటిన నారువలె నిలిచియుండును. ఎక్స్‌రేలు వానిపై బడి నిర్ణీతములైన దిశలలో చెదరును. వ్రేలిముద్రనుబట్టి మనుజుని గుర్తించునట్లు, ఆ దిశలనుబట్టి పదార్థమును గుర్తింపవచ్చును.

ఆ యమరికను తెలిసికొనుటకు భగవంతము ఇతర మార్గములను గూడ వెదకెను. బట్టలపెట్టెలో వేయు కలరా ఉండలు నాఫ్తలీనుతో చేయబడును. 1929లో ఆయన ఆ స్ఫటికముయొక్క అయస్కాంత ధర్మము దిశనుబట్టి యెట్లు మారునో పరిశోధించి, అందలి అణువుల నిలుకడను విచారించెను.

1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరెను. పదార్థముపై బడి చెదరిన కాంతిలో క్రొత్త రేఖలు కనబడుటయే రామన్ ఫలితము. ఈ రేఖలును పదార్థమునకు గుర్తులే. స్ఫటికముయొక్క సౌష్ఠవమునుబట్టి అట్టి రేఖ లెన్ని యుండవలెనో ముందుగనే గణించు పద్ధతిని ఆయనయు, టి. వేంకటరాయుడును విపులీకరించిరి. దీనిపై వారు రచించిన గ్రంథము 1948లో వెలువడెను.

1957 నుండి 1962 వరకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు అధిపతిగా నుండి, 1989లో భగవంతము కీర్తిశేషుడయ్యెను. పైరంగును నమ్మక లోపలి క్రమమును శోధించుటయే ఆయన జీవితము నేర్పు పాఠము.