చలిజ్వరం గుట్టు పట్టిన రాస్

మొన్న జీవశాస్త్రం పీరియడ్‌లో అలైంగిక ప్రత్యుత్పత్తి పాఠం అయ్యింది. అమీబా రెండుగా చీలుతుంది, ఈస్టు మొగ్గ తొడుగుతుంది, అరటికి పిలకలొస్తాయి. బహుధావిచ్ఛిత్తికి ఉదాహరణ ప్లాస్మోడియం అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ ప్లాస్మోడియమే మన ఊళ్ళల్లో చలిజ్వరం తెచ్చేది! దాని గుట్టు దొరికింది ఎక్కడో కాదు, మన గడ్డిఅన్నారం ఉన్న ఈ హైదరాబాదులోనే, బేగంపేటలో. అందుకే ఈసారి రోనాల్డ్ రాస్ గురించి రాస్తున్నాను.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కేమో కవిత్వం, బొమ్మలు ఇష్టం. తండ్రి మాట కాదనలేక డాక్టరయ్యాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. మలేరియా క్రిమిని మనిషి రక్తంలో లావెరాన్ 1880లోనే చూశాడు గానీ, అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎట్లా పోతుందో తేలలేదు. దోమను అనుమానించమని రాస్‌కు చెప్పింది లండన్ డాక్టరు మాన్సన్.

1895లో సికింద్రాబాదు వచ్చిన రాస్ రెండేళ్ళు దోమల్ని కోస్తూనే ఉన్నాడు. అవన్నీ వేరే జాతివి. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించాడు. (నా లెక్కలో పేరులో సగం ఆయనకీ రావాలి!) చివరికి 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపు గోడలో నల్ల చుక్కలున్న గుండ్రటి కణాలు కనబడ్డాయి.

అవేమిటి? మన రక్తంలో పెరగడానికి ఆ క్రిమికి ఆడ, మగ జత అక్కర్లేదు. ఎర్రకణంలో దూరి, పదీ ఇరవై ముక్కలై, కణాన్ని పగలగొట్టుకొని బయటికొస్తుంది. బోలెడు కణాలు ఒకేసారి పగిలితే మనకు వణుకు. వైవాక్స్ రకానికి దీనికి 48 గంటలు పడుతుంది, అందుకే రోజు విడిచి రోజు జ్వరం. జత కలిసేది దోమ కడుపులోనే. అట్లా కలిశాక ఏర్పడే సంచినే రాస్ చూశాడు. ఆ సంచిలో మళ్ళీ జత లేకుండానే వేలకొద్దీ పిల్లలు తయారై దోమ లాలాజలంలోకి చేరతాయి. లాలాజలం సంగతి 1898లో కలకత్తాలో, పిట్టల మలేరియా మీద తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో చనిపోయాడు.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇంకా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలు. సార్లు ఒకసారి తీసుకెళ్తే బాగుండు.

రాస్‌కు తెలియకుండా పోయింది ఒకటుంది. క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుంది. వైవాక్స్ అయితే కొన్ని అక్కడే నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తాయి. ప్రైమాక్విన్ చంపేది వాటినే. మూడోరోజు జ్వరం దిగగానే మాత్రలు ట్రంకుపెట్టెలో పడేసేవాళ్ళు మన గదుల్లో ఉన్నారు. వార్డెన్ గారు 14 రోజులూ ఎదురుగా నిలబడి మింగిస్తున్నది ఇందుకే.