వానను లెక్కగట్టిన శాంతివాది

హుస్సేనుసాగరపు మిగులు నీరు పారు కాలువ పొంగినప్పుడెల్ల అశోకనగరము, రాంనగరు వాసులకు కలుగు ప్రశ్న యొక్కటియే: వాన యెప్పుడు, ఎంత కురియును? దీనికి గణితముచే సమాధానము రాబట్టబూనిన వారిలో అగ్రగణ్యుడు లూయీ ఫ్రై రిచర్డ్‌సను. నేటి సమాంతర కంప్యూటర్లకు ఊహాచిత్రమును గీసినవాడును ఆయనయే.

ఆయన 1881 అక్టోబరు 11వ తేదీన ఇంగ్లండునందలి న్యూకాసిలులో జన్మించెను. కుటుంబము యుద్ధమును నిరసించు క్వేకరు సంప్రదాయమునకు చెందినది. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1913లో వాతావరణశాఖ కొలువున చేరెను. మహాసంగ్రామము రాగా ఆయుధము పట్టక, 1916లో ఫ్రాన్సునకు బోయి క్షతగాత్రులను మోయు బండిని నడిపెను. ఆ సేవ చేయుచునే తన లెక్కలను సాగించెను. 1910 మే 20వ తేదీ ఉదయపు కొలతలను గైకొని, మధ్య ఐరోపాలో ఆరు గంటలలో గాలి యొత్తిడి యెంత మారునో చేతితో గణించెను. లెక్క 145 మిల్లీబారుల పెరుగుదలను చూపెను. నిజమున కానాడు ఒత్తిడి దాదాపు మారనేలేదు.

ఆ యోటమిని దాచక 1922లో తన గ్రంథమున ప్రకటించెను. దోషము పద్ధతిది కాదనియు, ఆరంభపు కొలతలలో గాలికిని ఒత్తిడికిని పొందిక కుదరమియే కారణమనియు తరువాతివారు నిరూపించిరి.

ఒక్కడే గణించిన యెడల లెక్క తేలులోపల వాన వెలిసిపోవును. కావున ఆయన ఆ గ్రంథముననే యొక మహాసభాభవనమును ఊహించెను. అందు 64,000 మంది గణకులు, ఒక్కొక్కరు భూమియందలి తమ భాగమునే లెక్కించుచు, ఫలితమును ఇరుగుపొరుగు వారి కందింతురు. నడిమి స్తంభముపై నిలిచిన నాయకుడు ముందు పరుగెత్తువారిపై ఎర్రని కాంతిని, వెనుకబడినవారిపై నీలికాంతిని ప్రసరింపజేయుచు అందరిని ఒక్క లయలో నడుపును. పని పంచుకొనుట, పొరుగుతో ఇచ్చిపుచ్చుకొనుట, లయ తప్పకుండుట: సమాంతర యంత్రనిర్మాణమునకు మూలసూత్రము లివియే.

1920లో వాతావరణశాఖ వైమానిక మంత్రిత్వశాఖ క్రిందికి పోగా, తన విద్య సైన్యమునకు ఊడిగము చేయరాదని ఆయన యుద్యోగమును వదలుకొనెను. 1950లో అమెరికాయందు ఎనియాక్ యంత్రము తొలి సఫల వాతావరణగణనను సాధించిన వార్త ఆయన చెవిని బడెను. 1953 సెప్టెంబరు 30వ తేదీన పరమపదించెను.

మన హైదరాబాదున 1988లో రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థ ‘అనురాగ్’ అను పరిశోధనాలయమును స్థాపించెను. అచట నిర్మించిన ‘పేస్’ యంత్రమున పెక్కు ప్రాసెసర్లు పని పంచుకొని, విమానము చుట్టును గాలి ప్రవహించు తీరును గణించెను. రిచర్డ్‌సను స్వప్నము మన నగరమున ఆయన వీడిపోయిన సైనికశాఖ నీడననే రూపొందుట విధివైచిత్రి. అయినను 2018లో పూనాయందు నెలకొల్పిన ‘ప్రత్యూష్’ అట్టి గణితమునే ఋతుపవనముల సూచనకు వినియోగించెను.

గాలి లెక్క యొక్కటియే. దాని ప్రయోజనమును నిర్ణయించువారు మనుష్యులు. కాలువ గట్టున కాపురముండు పేదవానికి వరదకు ముందే హెచ్చరిక యందిననాడే ఆ మహనీయుని శ్రమ సార్థకము.