కాశీ నుండి కలకత్తాకు – బాబూ జగ్జీవన్ రామ్ విద్యార్థి జీవితం

ప్రతి ఏప్రిల్ 5వ తేదీన మనం పూలమాల వేసే ఫోటోలోని బాబూ జగ్జీవన్ రామ్ గారిని కేంద్రమంత్రిగా, ఉప ప్రధానిగా అందరూ ఎరుగుదురు. ఆయన కూడా మనలాగే స్కాలర్‌షిప్ మీద చదువుకున్న విద్యార్థి అనీ, అవమానాల వల్ల చదువు మధ్యలో యూనివర్సిటీ మారారనీ చాలామందికి తెలియదు.

ఆయన 1908లో బీహారులోని ఆరా పట్టణం దగ్గర చాంద్వా గ్రామంలో, అంటరానిదిగా చూడబడిన చమార్ కులంలో జన్మించారు. తండ్రి శోభీరామ్ పెషావరులో సైన్యంలో పనిచేసి, ఆ ఉద్యోగం వదలి శివనారాయణీ శాఖలో మహంతు అయ్యారు. కొడుకును బడిలో వేసిన 1914లోనే ఆయన చనిపోయారు. ఆ తర్వాత భారమంతా తల్లి వాసంతీదేవి మీద పడింది.

ఆరా టౌన్ స్కూలులో హిందువులకొక నీళ్ళకుండ, ముస్లింలకొక నీళ్ళకుండ ఉండేవి. జగ్జీవన్ హిందువుల కుండలో నీళ్ళు త్రాగాడని గొడవ అయింది. అంటరానివారి కోసమని మూడో కుండ పెట్టారు. ఆయన దానిని పగులగొట్టాడు. మళ్ళీ పెడితే మళ్ళీ పగులగొట్టాడు. చివరకు ఆ కుండ పెట్టడమే మానేశారు.

1925లో పండిత మదన్ మోహన్ మాలవీయ ఆ స్కూలుకు వచ్చారు. స్వాగతోపన్యాసం ఇచ్చిన జగ్జీవన్ ప్రతిభకు ముచ్చటపడి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరమని ఆహ్వానించారు. ఆ విశ్వవిద్యాలయ స్థాపకుడే పిలిచాడంటే ఒక పేద విద్యార్థికి అంతకన్నా ఏం కావాలి! మెట్రిక్ ప్రథమ శ్రేణిలో ప్యాసై జగ్జీవన్ కాశీ వెళ్ళారు. బిర్లా స్కాలర్‌షిప్ కూడా వచ్చింది.

కానీ స్థాపకుని ఆదరణ మెస్ దాకా రాలేదు. హాస్టల్‌లో ఆయనకు భోజనం పెట్టడానికి ఒప్పుకోలేదు. ఊళ్ళో మంగలివారు క్షవరం చేయలేదు. డెబ్బై కిలోమీటర్ల దూరంలోని గాజీపూర్ నుండి ఒక దళిత క్షురకుడు ఎప్పుడైనా వచ్చినప్పుడే జుట్టు కత్తిరించుకొనే వీలుండేది. ఫీజు కట్టడానికి డబ్బుంది, తరగతిలో సీటుంది, పాఠం వంటబడుతోంది. అయినా కంచంలో అన్నం పడదు. హాస్టల్లో ఉండే మనకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఆయన ఊరుకోలేదు. అక్కడి షెడ్యూల్డు కులాలవారిని కూడగట్టి వివక్షకు నిరసన తెలిపారు. ఒక విషయం గమనించాలి. ఆయన కోపంలో చదువు మానేసి ఇంటికి పోలేదు. ఇంటర్ సైన్స్ పరీక్ష కాశీలోనే వ్రాసి ప్యాసయ్యారు. ఆ తర్వాతే కాశీ వదలి కలకత్తా విశ్వవిద్యాలయానికి మారారు. దీనిని పారిపోవడం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన వదిలింది కాశీని, చదువును కాదు. 1931లో కలకత్తాలో బి.యస్సీ. పూర్తి చేశారు.

కలకత్తాలో ఆయన పుస్తకాలకే పరిమితం కాలేదు. పేటపేటనా సంత్ రవిదాస్ జయంతి సభలు జరిపించారు. వెల్లింగ్టన్ స్క్వేర్‌లో కార్మికుల భారీ ర్యాలీ నిర్వహించి, సుభాష్ చంద్రబోసు వంటి నాయకుల దృష్టిలో పడ్డారు. కాశీలోనే సర్దుకుని ఉండిపోతే ఇదంతా జరిగేదా అనిపిస్తుంది.

తరువాతి చరిత్ర మనం పుస్తకాలలో చదువుకున్నదే. 1946 తాత్కాలిక ప్రభుత్వంలో అందరికన్నా చిన్న వయసు మంత్రి ఆయనే. ఆయన కార్మికశాఖ చూస్తుండగానే 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. 1971 యుద్ధంలో రక్షణమంత్రి ఆయనే. 1979లో ఉప ప్రధాని అయ్యారు.

కాశీ సంగతి మాత్రం ఇంకొంత ఉంది. 1978లో దేశ రక్షణమంత్రి హోదాలో ఆయన ఆ ఊరు వెళ్ళి, అక్కడి సంస్కృత విశ్వవిద్యాలయంలో సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన వెళ్ళిపోయాక కొందరు అగ్రకుల విద్యార్థులు ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగారు. కుర్రవానిగా ఆ ఊరు వదలి అప్పటికి సుమారు యాభై ఏళ్ళు.

బాబూజీ 1986 జులై 6న కన్నుమూశారు. 2007లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం కుల వివక్ష, ఆర్థిక వెనుకబాటుతనాల అధ్యయనానికి ఒక పీఠం ఏర్పాటు చేసి దానికి జగ్జీవన్ రామ్ పేరు పెట్టింది.