మోచేతి ధమని, దారపు ముడి: ఆంబ్రువాజ్ పారే

మెట్టకూరులో మన పిల్లల్ని ఒకసారి చేయి చాపమనండి. మోచేతి మడతలో, మధ్యన తగిలే గట్టి స్నాయువుకు లోపలి పక్కన రెండు వేళ్లు ఆనించమనండి. అక్కడ తడుతూ ఉండేది బాహు ధమని. మడతకు కాస్త దిగువన అది రెండు పాయలవుతుంది. బొటనవేలి వైపు దిగేది రేడియల్ ధమని. మణికట్టు పట్టుకుని డాక్టరు చూసేది దాన్నే. చిటికెనవేలి వైపుది అల్నార్ ధమని. అరచేతిలో రెండూ మళ్లీ కలుస్తాయి. గౌతమి చెంత పెరిగే పిల్లలకు పాయల సంగతి మనం వేరే చెప్పాలా!

బాహు ధమని తెగితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. 16వ శతాబ్దంలో ఆ నెత్తుటిని ఆపే మార్గం ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం. యానాన్ని 1954 దాకా ఏలిన ఫ్రాన్సులోనే, లవాల్ పట్టణం దగ్గర 1510 ప్రాంతంలో పుట్టిన పారే కూడా మొదట అదే చేశాడు. ఆయన క్షౌరవృత్తిలో శస్త్రచికిత్స నేర్చినవాడు. మన పల్లెల్లోనూ గడ్డలు కోసింది ఆ వృత్తివారే కదా. ఇటలీ దండయాత్రలో, కుళ్లు పట్టిన ఒక సైనికుడి చేతిని మోచేతి కీలు దగ్గర విడదీసి వాత పెట్టాడు. 1552లో డాంవిలే ముట్టడిలో మాత్రం, కాలు తీసేసిన మనిషికి వాత మాని, తెగిన రక్తనాళాలను దారంతో కట్టాడు. ముడి వేయడం పాత గ్రంథాల్లో ఉన్నదే. అంగం తీసిన చోట దాన్ని వాడుకలోకి తెచ్చినవాడు ఆయన.

రాజు తొమ్మిదో చార్లెస్‌కు జ్వరం వస్తే, వేరొకరు చేతి సిర నుంచి రక్తం తీస్తూ నాడిని పొడిచారు. చేయి మూడు నెలలు సరిగా వంగలేదు. పారే దాన్ని నయం చేశాడు. మోచేతి దగ్గర సిర పైన, ధమనీ నాడీ దాని కింద. సూది ఒక్క పిసరు లోతుకు దిగినా ముప్పే.

పారేకు లాటిన్ రాదు. తెలిసినదంతా తన ఫ్రెంచిలోనే రాశాడు. 1575లో రచనలన్నీ ఒకచోట అచ్చయితే పారిస్ వైద్య విద్యాపీఠం అడ్డుపడింది. వైద్యం లాటిన్‌లోనే ఉండాలన్నది అక్కడి పట్టు. తమిళం ఎక్కువగా ఉన్న పుదుచ్చేరిలో తెలుగులో పాఠం చెప్పే మనకు ఆ పట్టు కొత్తది కాదు. పారే లొంగలేదు. పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది. ఇతర దేశాల వైద్యులు చదువుకోవడానికి 1582లో దాన్ని లాటిన్‌లోకి అనువదించారు. ఆయన 1590లో పారిస్‌లో కన్నుమూశాడు.