కోటను విడిచిన దొర

పూర్వము జపాను దేశములో ఒక్కొక్క సీమకు ఒక్కొక్క దొర యుండెడివాడు. కోటయు, ఖడ్గధారులును, రైతు పండించిన బియ్యములో పాలును అతనివే. దోమకొండ గడిని చూచిన మన బీబీపేట ప్రాంతమువారికి దొరతనమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి దొరలలో తకయామా ఉకోన్ ఒకడు.

ఇతడు 1552 ప్రాంతమున పుట్టెను. వాద్యము మీటుచు కథలు చెప్పుకొని బ్రదికిన, చూపు సరిగా లేని లోరెన్సో అను జపాను బోధకుని మాటలు విని ఇతని తండ్రి విశ్వసించెను. బాలుడైన ఉకోన్ కూడ బాప్తిస్మము పొందెను. అది కతోలిక మిషనరీల కాలము.

1573లో ఉకోన్ తకత్సుకి కోటకు దొర ఆయెను. ఆ దేశమున శవమును మోయుట హీనమైన పని. అయినను ఒక బీదవాడు చనిపోయినప్పుడు తండ్రీకొడుకులిద్దరు ఆ పాడెను తమ భుజములపై మోసిరి. చావు డప్పు ఎవరు కొట్టవలెనో, గొయ్యి ఎవరు త్రవ్వవలెనో కులమును బట్టి నిర్ణయించిన పల్లెలు మనకు తెలియనివి కావు గదా!

1578లో ఇతని పైదొర అరాకి, నొబునాగాపై తిరుగబడెను. ఉకోన్ చెల్లెలును కుమారుడును అరాకి చేతిలో తాకట్టు మనుష్యులుగా నుండిరి. లోబడనియెడల క్రైస్తవులను చంపించెదనని నొబునాగా బెదరించెను. ఎటు పోయినను రక్తమే. ఉకోన్ వెండ్రుకలు కత్తిరించుకొని, కాగితపు వస్త్రము ధరించి, కోటను వదలుకొని ఒంటరిగా నొబునాగా యొద్దకు వెళ్లెను. తాకట్టు మనుష్యులు బ్రదికిరి. కోటయు తిరిగి దొరకెను. ఇతని జీవితములో ఇదియే మిక్కిలి కఠినమైన గడియ యని నాకు తోచును.

తరువాత అకాషి సీమ లభించెను. దాని రాబడి సుమారు 60,000 మందికి ఏడాదికి సరిపడు బియ్యము. 1587లో హిదెయోషి, విశ్వాసమునైనను సీమనైనను విడువుమనెను. కొందరు దొరలు పైకి లోబడి నిలిచిరి. మార్కు 10వ అధ్యాయములోని ఆస్తిపరుడు దుఃఖపడి వెళ్లిపోయెను. ఉకోన్ సీమను విడిచెను. కనజావాలో మయెదా వారి ఆశ్రయమున ఇరువదియైదేండ్లకు పైగా గడపెను.

1614లో వెలివేత ఆజ్ఞ వచ్చెను. వృద్ధుడైన ఉకోన్ కుటుంబముతో మంచుకొండలు దాటి నాగసాకి చేరి, నవంబరు 8న సుమారు 300 మంది విశ్వాసులతో ఓడ ఎక్కెను. మనీలావారు ఘనముగా ఎదుర్కొనిరి. రెండు నెలలైన నిండకమునుపే, 1615 ఫిబ్రవరి మొదటి వారమున, జ్వరముతో కన్నుమూసెను. ఆ పరదేశపువారే సైనిక మర్యాదలతో అతని సమాధి చేసిరి.