కడలి నీదిన కవి

ఆంగ్ల మహాకవులలో లార్డు బైరన్ ఒకడు. అతడు 1788వ సంవత్సరము జనవరి 22వ తేదీన లండన్ నగరమున జన్మించెను. పుట్టుకతోనే అతని కుడిపాదము వంకరగా నుండెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. తల్లి అతనిని స్కాట్లండులోని అబర్డీన్ పట్టణమున పెంచెను. పదియవ యేట పెదతాత మరణింపగా ప్రభు బిరుదమును, ఆస్తియును అతనికి సంక్రమించినవి.

బిరుదము వచ్చెను గాని పాదము బాగుపడలేదు. నాటింగ్‌హామ్ పట్టణమున వైద్యుడనని చెప్పుకొను నొకడు ఆ పాదమును కొయ్యచట్రములో బిగించి సరిచేయ జూచెను. బాలుడు ఆ బాధనంతయు సహించెను. ఫలితము మాత్రము శూన్యము. తన నడకను ఎవరైన తేరిపార జూచినచో అతని మనస్సు చివుక్కుమనెడిది. 1805లో హేరో పాఠశాల పక్షమున ఈటన్ పాఠశాలతో క్రికెట్ ఆడినపుడు బంతిని అతడే కొట్టెను. పరుగెత్తుటకు మాత్రము వేరొక బాలుడు కావలసి వచ్చెను.

నీటిలో అతనికి అట్టి సహాయముతో పని లేకపోయెను. ఈదువాని బరువును నీరే మోయును గదా! నేలపై వెనుకబడిన బైరన్ నీటిలో ఎవరికిని తీసిపోలేదు. అందుచేత అతడు ఈతను పట్టుదలతో సాధన చేసెను. 1807లో థేమ్స్ నదిలో సుమారు మూడు మైళ్లు ఈదెను. 1809లో దేశాటనమునకు బయలుదేరి, లిస్బన్ వద్ద టేగస్ నదిని ఈది దాటెను.

ఐరోపా, ఆసియా ఖండముల నడుమ టర్కీ దేశమున డార్డనెల్స్ అను జలసంధి కలదు. పూర్వము దానిని హెల్లెస్పాంట్ అనెడివారు. లియాండర్ అను యువకుడు తన ప్రియురాలైన హీరోను చూచుటకు ప్రతిరాత్రియు దానిని ఈదెడివాడని గ్రీకుల గాథ. అది మానవ సాధ్యమగునా యని బైరన్ స్వయముగా పరీక్షింప దలచెను. 1810 ఏప్రిల్ మాసమున చేసిన మొదటి ప్రయత్నము విఫలమయ్యెను. నీరు మంచువలె చల్లగా నుండెను. అతడు నిరాశ చెందలేదు. మే 3వ తేదీన ఎకెన్‌హెడ్ అను నౌకాధికారితో కలసి మరల నీటిలోనికి దిగెను. అచ్చట జలసంధి వెడల్పు ఒక మైలు మాత్రమే. కాని ప్రవాహపు వడి ఈదువారిని ప్రక్కకు కొట్టుకొని పోవుటచే వారు దాదాపు నాలుగు మైళ్లు ఈదవలసి వచ్చెను. ఎకెన్‌హెడ్ 1 గంట 5 నిమిషములలోను, బైరన్ 1 గంట 10 నిమిషములలోను ఆవలి తీరము చేరిరి. ఆ అయిదు నిమిషముల వెనుకబాటును బైరన్ లెక్కచేయలేదు. కవిగా గడించిన కీర్తికంటెను ఈ ఈతను గూర్చియే అతడు మిక్కిలి గర్వించెడివాడు.

1812లో వెలువడిన కావ్యముతో అతని పేరు ఇంగ్లండు అంతటను మారుమ్రోగెను. కాని కుటుంబ కలహముల వలనను, అప్పుల వలనను 1816లో స్వదేశమును విడిచి ఇటలీ చేరెను. 1818లో వెనిస్ నగరమున మెంగాల్డో అను ఇటలీ దేశస్థుడు బైరన్‌తోను, అతని మిత్రుడు స్కాట్‌తోను కలసి ఈద గోరెను. కొన్ని ఈత పందెములలో శక్తి తక్కువ వారిని ముందుగా వదలి, మేటి ఈతగాండ్రను తరువాత వదలు పద్ధతి కలదు. బైరన్ అట్టి వెసులుబాటు ఏదియు పొందలేదు. ముగ్గురును లీడో ద్వీపము నుండి కలసియే బయలుదేరిరి. వెల్లకిల తేలుట తప్ప వేరు విశ్రాంతి కూడదని నియమము. నగరపు పెద్ద కాలువ మొదటికి వచ్చునప్పటికే మెంగాల్డో వెనుకబడెను. రియాల్టో వంతెన దాటిన పిదప స్కాట్ చలికి తాళలేక గట్టెక్కెను. బైరన్ ఒక్కడే కాలువ తుదివరకు సాగెను. నేలనుగాని పడవనుగాని తాకక 4 గంటల 20 నిమిషములు అతడు నీటిలో నుండెను.

తరువాత బైరన్ గ్రీకుల స్వాతంత్ర్య సమరమునకు తోడ్పడుటకై గ్రీసు దేశమేగి, తన ధనమును వెచ్చించెను. 1824 ఏప్రిల్ 19వ తేదీన మిస్సొలోంగి పట్టణమున జ్వరముచే మరణించెను. అప్పటికి అతని వయస్సు 36 సంవత్సరములు మాత్రమే.

పాదపు వంకర అతనిని తుదివరకు విడువలేదు. దానిని గూర్చిన బాధయు తొలగలేదు. అయినను ఆ కొరత అడ్డురాని తావును అతడు వెదకికొనెను; అచ్చట అందరితో సమానముగా నిలచి గెలిచెను.